కానుగ వేళ్ళలో కాపురమున్నదెవరు?

కానుగ చెట్టు మీకు తెలిసినదే. మా మఠంపల్లిలో కానుగ పుల్లతో పళ్ళు తోముకొనేవారు ఇప్పటికీ ఉన్నారు. ఒక వానాకాలం మా 9వ తరగతి పిల్లలు ఒక కానుగ మొక్కను మట్టితో సహా పెళ్ళగించి తెచ్చారు. వేళ్ళు కడిగితే బుడిపెలు కనిపించాయి. ఒకదాన్ని బ్లేడుతో కోశాం. లోపల గులాబిరంగు! మన నెత్తురులోని హీమోగ్లోబిన్‌కు చుట్టమైన లెగ్‌హీమోగ్లోబిన్ వల్ల ఆ రంగు వస్తుంది. బుడిపెను చిదిమి సూక్ష్మదర్శినిలో చూస్తే బాక్టీరియాలన్నీ పుల్లముక్కల్లా ఒకే తీరుగా ఉన్నాయి.

"సార్, వీటి పేరేమిటి?" అని ఒక అమ్మాయి అడిగింది. "రైజోబియం" అన్నాను. పుస్తకంలో అలాగే ఉన్నది మరి. నిజానికి నాకు తెలియదు.

పేరుతో పనేమిటంటారా? ఈ బాక్టీరియాలు గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి చెట్టుకిస్తాయి, బదులుగా చక్కెరలు పుచ్చుకుంటాయి. కాని ప్రతి బాక్టీరియా ప్రతి మొక్కతోనూ పొత్తు కలవదు. బీడునేలలో కానుగ నాటేవారు సరియైన బాక్టీరియాను మొక్కకు పట్టించాలంటే, ముందు అదెవరో తెలియాలి.

ఆకారం చెప్పని గుట్టును డి.ఎన్.ఏ. చెబుతుంది. బాక్టీరియాలన్నింటిలో 16ఎస్ అనే జన్యువు ఉంటుంది. దాని పొడవు సుమారు 1,500 అక్షరాలు. అక్షరాలు మాత్రం నాలుగే: ఎ, టి, జి, సి. ఆ రాత కొన్నిచోట్ల అన్నింటిలో దాదాపు ఒకటే. కొన్నిచోట్ల జాతిజాతికీ మారుతుంది. మారిన చోట్లే మనకు ఆనవాళ్ళు.

చదవడానికి ఆ జన్యువు నకళ్ళు కోట్లకొద్దీ కావాలి. అందుకు పి.సి.ఆర్. అనే పద్ధతి ఉన్నది. సుమారు 95 డిగ్రీల వేడిలో డి.ఎన్.ఏ. పోగులు రెండూ విడిపోతాయి. కొంచెం చల్లార్చితే, రాత మారని చోట్ల ప్రైమర్లనే చిన్న తునకలు అతుక్కుంటాయి. 72 డిగ్రీల వద్ద ఒక ఎంజైము కొత్త పోగు అల్లుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు... 30 సార్లకు ఎంతవుతుందో లెక్కకట్టండి. నూరు కోట్లు దాటుతుంది! అంత వేడికీ చెడని ఆ ఎంజైము మొదట అమెరికాలో, ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో బతికే బాక్టీరియానుంచి లభించింది.

కానుగ సంగతి తేల్చినది మన హైదరాబాదువారే. కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు దక్షిణ భారతపు నేలలనుంచి కానుగ బుడిపెల బాక్టీరియాలను వేరుచేసి, వాటి 16ఎస్ రాత చదివి, 2012లో ఫలితాలు ప్రకటించారు. రైజోబియంతోబాటు బ్రాడీరైజోబియం కూడా ఉన్నది! బ్రాడీ అంటే నెమ్మది. గాజుపళ్ళెంలో తాపీగా పెరుగుతుంది గనుక ఆ పేరు. కొన్ని రకాలు 3 శాతం ఉప్పును తట్టుకున్నాయి. కొన్ని 35 నుంచి 45 డిగ్రీల వేడిలోనూ పెరిగాయి. మా ఎండాకాలం వాటికొక లెక్క కాదన్నమాట.

అయితే 16ఎస్ వంశాన్ని చెబుతుంది గాని గుణాన్ని చెప్పదు. దగ్గర చుట్టాల్లోనే ఒకటి బుడిపె కట్టించవచ్చు, ఇంకొకటి కట్టించకపోవచ్చు. అందుకే వారు బాక్టీరియాలను మొక్కలకు పట్టించి కూడా చూశారు.

ఇదంతా ఆ అమ్మాయికి చెప్పాను. "మరి మన బడి మొక్కలో ఉన్నది ఏది సార్?" అన్నది. దాని 16ఎస్ ఇంకా ఎవరూ చదవలేదు.