కొసరు రోజు

పొద్దున ఆరు దాటింది. లాల్‌బాగ్ బండ ఇంకా చల్లగానే ఉంది. చెప్పులు విడిచి కూర్చుంటే రాతిలో దాగిన రాత్రి చలి అరికాళ్లకు తగులుతోంది. పక్కనే ఒక పెద్దాయన కళ్లు మూసుకుని ప్రాణాయామం చేసుకుంటున్నారు. చెట్ల మీదుగా ఎండ ఇంకా ఇటు రాలేదు.

హైదరాబాదు నుంచి కన్యాకుమారి దాకా కారులో వెళ్లాలన్నది మా దంపతుల ఎన్నాళ్లనాటి కోరిక. శ్రీనగర్‌లో మొదలై 3,700 కిలోమీటర్లకు పైగా సాగే 44వ నంబరు జాతీయ రహదారి మా దారి. కర్నూలు, అనంతపురం, పెనుకొండ దాటి, బాగేపల్లి దగ్గర కర్ణాటకలోకి వచ్చి, దాదాపు 570 కిలోమీటర్ల తర్వాత బెంగళూరులో మజిలీ చేశాం. మూడు రోజులు విధానసౌధ, కబ్బన్ పార్కు, టిప్పు వేసవి మహలు అంటూ జాబితా పట్టుకుని తిరిగాం. ఆఖరి రోజుకు మాత్రం ఏ పనీ పెట్టుకోలేదు. తెల్లారితే హోసూరు దారి పట్టాలి.

మూడు వందల కోట్ల ఏళ్ల అరుగు

మేం కూర్చున్న ఈ బండ వయసు సుమారు 300 కోట్ల సంవత్సరాలు. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని ‘పెనిన్సులార్ నైస్’ అంటారు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. దగ్గరగా చూస్తే బూడిదరంగు రాతిలో తెల్లని చారలు మెలికలు తిరిగి కనిపిస్తాయి. ఒకప్పుడు విపరీతమైన వేడికీ ఒత్తిడికీ రాయి మెత్తబడి మడతలు పడిన గుర్తులవి. అనంతపురం దాటాక రోడ్డుకు రెండు పక్కలా చూసిన గుట్టలు గుర్తొచ్చాయి. అవీ ఇలాంటి పాతకాలపు రాళ్లే. దారంతా మాతోపాటే వచ్చిన నేల ఇక్కడ పైకి లేచి కూర్చోమంటున్నట్టుంది.

బండ కొసన చిన్న మండపంలా నిలిచింది కెంపేగౌడ బురుజు. విజయనగర సామంతుడైన కెంపేగౌడ 1537లో ఈ ఊరికి పునాది వేశారు. ఆయన తెలుగులో ‘గంగాగౌరీ విలాసం’ అనే యక్షగానం రాశారని చెబుతారు. ఇలాంటి బురుజులు నగరంలో నాలుగున్నాయి. ఊరు ఎప్పటికైనా ఈ హద్దుల దాకా పెరుగుతుందని ఆనాడు అనుకున్నారట. ఇప్పుడు బురుజు పక్కన నిలబడి ఎటు చూసినా ఊరే.

వచ్చి ఉండిపోయినవాడు

ఎండెక్కాక నీడలోకి దిగాం. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టి, టిప్పు సుల్తాన్ పెంచిన తోట ఇది. 1889లో పునాది పడిన గాజుమేడ చుట్టూ ఇప్పుడు సందడి లేదు. రిపబ్లిక్ డేకి, స్వాతంత్ర్య దినోత్సవానికి పూల ప్రదర్శన పెట్టినప్పుడు ఇక్కడ అడుగు పెట్టే సందుండదు.

ఈ తోటను తలచుకుంటే క్రుంబీగల్‌ను తలచుకోవాలి. జర్మనీలో పుట్టి, లండన్ క్యూ ఉద్యానవనంలో పనిచేసి, 1908లో లాల్‌బాగ్ బాధ్యతలు తీసుకున్నారాయన. ఏడాది పొడవునా ఏదో ఒక వీధిలో ఏదో ఒక చెట్టు పూస్తూనే ఉండేలా బెంగళూరు రోడ్ల వెంట మొక్కలు నాటించిన ఘనత ఆయనది. 1956లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. నాటిన చెట్టు పూత చూడాలంటే ఏళ్లు ఆగాలి. ఆయన ఆగారు. మూడు రోజుల్లో ఊరంతా చూసేయాలని పరుగెత్తిన మాకు, ఆయన చెట్ల కింద కూర్చున్నాక గానీ ఊపిరి నిమ్మళించలేదు.

ఒక మూర, ఆపైన

సాయంత్రం గాంధీబజారు వెళ్లాం. 1943 నుంచి దోసెలు పోస్తున్న విద్యార్థి భవన్ ముందు జనం పేరు చెప్పి నిలబడ్డారు. మేం పక్క వీధిలో వన్ బై టూ కాఫీ చెప్పాం. ఒక్క కాఫీని రెండు గ్లాసుల్లో సమంగా పోసి ఇచ్చారు. పంచుకుని తాగడం ఈ ఊళ్లో మామూలు మర్యాద.

రోడ్డు పక్క పూలబుట్ట ముందు ఆగి, మా ఆవిడ వచ్చీరాని కన్నడంలో మల్లెపూల ధర అడిగింది. పూలమ్మే పెద్దావిడ ఒకసారి తలెత్తి చూసి, “తెలుగులోనే అడుగు తల్లీ. మాది చింతామణి పక్కన పల్లె. ఇంట్లో మాట్లాడేది తెలుగే” అంది.

“మూర ఇవ్వమ్మా. రేపు పొద్దున్నే ప్రయాణం” అంది మా ఆవిడ.

మోచేతి నుంచి వేలికొస దాకా దండ లాగి కొలిచింది. కత్తెర పెట్టబోయి ఆగింది. వేళ్లు చాపి ఇంకో జానెడు వదిలి, అక్కడ కత్తిరించింది. “దూరం పోతా ఉండారు, కొసరు” అని ఆకులో చుట్టి ఇచ్చింది.

దారిలో ఇద్దరం ఆ మాటే తలచుకున్నాం. మూడు రోజులు డబ్బు పెట్టి, లెక్క చూసుకుని చూసిన ఊరు అది. ఈ రోజు మాత్రం కొలతలో లేదు. బెంగళూరును తలచుకుంటే ముందు గుర్తొచ్చేది మాత్రం ఈ రోజే.

తెల్లవారుజామున కారు తీసేటప్పుడు మూరెడు దండ ఆవిడ జడలో ఉంది. జానెడు ముక్క డ్యాష్‌బోర్డు మీది వినాయకుడి ముందు పెట్టింది. హోసూరు దాటేదాకా కారంతా మల్లెల వాసనే.