వేగువాని ఆసనము

రాజునకు చారులే కన్నులని మన నీతికారులు చెప్పిరి. ఆ కన్ను ఆకాశమున కెగిరినపుడు దాని నెచట నుంచవలెనను ప్రశ్న పుట్టినది. 1914లో జర్మను విమాన నిర్మాతలు దానిని రెక్కల నడుమ నుంచిరి.

ఏవియాటిక్ బి-1 అను వేగు విమానము అట్టిది. నేడు ఫ్రాన్సులో మ్యూలూజ్ అని పిలువబడు పట్టణము 1871 మొదలు 1918 వరకు జర్మను సామ్రాజ్యమున మ్యూల్‌హౌజెన్ అను పేర నుండెను. 1909లో అచట వెలసిన ఏవియాటిక్ కర్మాగారము మొదట ఫ్రెంచివారి నమూనాలను నిర్మించి, పిదప సొంత నిర్మాణములకు పూనుకొనెను. 1914 ఫిబ్రవరిలో కార్ల్ ఇంగోల్డ్ అను చోదకుడు ఈ సంస్థవారి విమానమున ఎచటను దిగక 16 గంటలకు పైగా ఎగిరెను. యుద్ధము రాగానే, సరిహద్దునకు మరీ చేరువనున్న ఆ కర్మాగారమును ఫ్రైబుర్గ్ నగరమునకు తరలించిరి.

జర్మను సైనిక పరిభాషలో ‘బి’ యనగా ఆయుధము లేని, రెండు వరుసల రెక్కలుగల విమానము. బి-1 ముక్కున 100 అశ్వశక్తిగల మెర్సిడెస్ యంత్రము. వేగము గంటకు సుమారు 100 కిలోమీటర్లు. వెనుక ఆసనమున చోదకుడు, ముందు ఆసనమున పరిశీలకుడు. చూచుటకే వచ్చినవాడు ముందు కూర్చుండుట సబబే యని తోచును. కాని కారణ మది కాదు. కావడిబద్దపై మోయువాని భుజము చెంత ఎంత బరువు కట్టినను కావడి ఒరగదు గదా! ముందు ఆసనము విమానముయొక్క గరిమనాభికి చేరువ. అందు మనిషి ఉన్నను లేకున్నను తూనిక చెడదు. చోదకుడు ఒంటరిగా ఎగురవలసి వచ్చినను చిక్కులేదు.

లెక్కకు తప్పులేదు, ఫలితమే వేరు. పరిశీలకుని తలపై నొక రెక్క, కాళ్ల దిగువ నొక రెక్క. చుట్టును గుంజలు, బిగుతు తీగలు. ఎదుట యంత్రము, గిరగిర తిరుగు పంకా. నేలను చూడవలెనన్న రెక్కయే అడ్డము. అట్లయ్యు ఆ కొలువు చిన్నది కాదు. సెప్టెంబరు మొదటి దినములలో జర్మను సేనాని ఫాన్ క్లుక్ తన సైన్యమును పారిసునకు తూర్పుగా మరల్చుట ఫ్రెంచి వైమానికుల కంటబడెను. ఆ వార్త మార్నె యుద్ధమునకు దారితీసెను. కనుకనే ఎదుటివాని కన్ను పొడువవలెనని ఇరుపక్షములకును తోచినది.

అక్టోబరు 5వ తేదీన రీమ్స్ నగర సమీపమున జోన్షెరీ వద్ద ఫ్రెంచివారి వాజాఁ విమాన మొకటి ఒక ఏవియాటిక్‌ను తారసిల్లెను. చోదకుడు జోసెఫ్ ఫ్రాన్ట్జ్. తుపాకి పట్టినవాడు లూయీ కెనో. వాజాఁ యంత్రమును పంకాయు వెనుక నుండెను, ముందువైపంతయు తెరపి. కెనో చోదకుని తలమీదుగా హాచ్‌కిస్ మరతుపాకిని ప్రయోగించెను. ఏవియాటిక్ నేలగూలెను. అందున్న ష్లిఖ్టింగ్, ఫాన్ త్సాంగెన్ అను ఇరువురును మరణించిరి. ఒక విమానము మరియొక దానిని తుపాకితో కూల్చుట లోకమున నదియే మొదలని చరిత్రకారులు వ్రాయుదురు. మరణించిన ఇరువురిలో పరిశీలకుడు ఫాన్ త్సాంగెన్. ఆతని చేత మరతుపాకి యున్నను, పంకాకును తీగలకును నడుమ దేనిపై గురిపెట్టగలడు?

1915లో ‘సి’ తరగతి వచ్చెను: 150, 160 అశ్వశక్తుల యంత్రములు, పరిశీలకునకు మరతుపాకి. ఆల్బట్రాస్ సంస్థవారు తమ సి-1లో పరిశీలకుని వెనుకకు మార్చి, చుట్టును తిరుగు వలయముపై తుపాకి నమర్చిరి. వెన్నంటి వచ్చు శత్రువున కాతడు ఎదురైనాడు. ఏవియాటిక్‌వారు మాత్రము పట్టు విడువలేదు. ఆ దుర్ఘటన తమ విమానమునకే జరిగినను, వారి సి-1లో పరిశీలకుడు ముందరనే మిగిలెను! తుపాకిని ఇరుప్రక్కల పట్టాలపై జరుపుకొను ఏర్పాటు చేసిరి. వెనుకకు కాల్చుటకు చోదకుని తల అడ్డము. అలవాటైన కొలత పట్టికను దిద్దుట ఇంజనీర్లకు సైతము అంత సులభము కాదు కాబోలు. కొంతకాలమునకు గాని వారు ఆ రెండు ఆసనములను తారుమారు చేయలేదు.

ఆయుధము లేని బి-తరగతి విమానములు క్రమముగా యుద్ధరంగము వీడి వైమానిక పాఠశాలలకు చేరినవి. అచట వానిపై కాల్చువారు లేరు. మందగమనమే క్రొత్తగా నేర్చువారికి మేలయ్యెను.