పాఠశాల యావరణములోని వేపచెట్టు

ఇంటికి ముంగిలి యెట్టిదో పాఠశాలకు ఆవరణ మట్టిది. మన బిడ్డలు దినమున సగభాగమును గడపు నా చోట నీడ యున్నదా, నేల శుభ్రముగా నున్నదా యని విచారించుట తల్లులమైన మన ధర్మము. పూర్వపు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు 2016లో చీలి పలు జిల్లాలైనను, ఎండ మాత్రము అందఱకు నొక్కటియే. వేసవిలో 45 డిగ్రీలు దాటుట ఇచట క్రొత్త గాదు. ఇట్టిచోట బడి ముంగిటి వేపచెట్టు అలంకారము గాదు. పిల్లలు కూర్చుండి భోజనము చేయు పందిరి యదియే.

2021వ సంవత్సరమున తెలంగాణమంతటను వేపచెట్లు కొనలనుండి యెండజొచ్చెను. మా గ్రామపు పాఠశాలలోని చెట్టును నట్లే నిప్పు సోకినట్లు మాడిన వన్నె తిరిగెను. చెట్టు చచ్చినదనియు, కొట్టివేయుటయే మేలనియు కొందఱు పెద్దలు గొడ్డలి తెప్పించిరి. మేమును మరి నలుగురు తల్లులును ఉగాదివఱకు గడువు వేడుకొంటిమి. కొమ్మ బెరడును గోటితో గీచి చూడగా లోపల పచ్చదనము కనబడెను. ఎండిన కొనలను మాత్రము కోయించి ఊరకుంటిమి. మరుసటి వసంతమున నా చెట్టు చిగిర్చెను. నేడును దానిక్రిందనే పిల్లలు కూర్చుండుచున్నారు. ఆనాడు తొందరపడియుండిన యెడల, అంతటి నీడను మరల పెంచుటకు ఒక తరము పట్టియుండెడిది గదా!

ఈ తెగులునకు ముఖ్యకారణము ఫోమాప్సిస్ అను శిలీంధ్రమని ఆచార్య జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు తేల్చిరి. లేతచిగుళ్ల రసమును పీల్చు తేయాకు దోమయు దీనికి తోడగును. వానజల్లులతో నిది యొక కొమ్మనుండి మరియొక కొమ్మకు వ్యాపించును. కొనలు మాడినను మ్రాను చచ్చినట్లు గాదు. చాలచెట్లు తామే తేరుకొనును. కావున తెగులు కొమ్మలను కోసి కాల్చివేయుటయు, రంపమును స్పిరిటుతో తుడిచిన పిమ్మటనే వేఱొక చెట్టునకు వాడుటయు నవశ్యము.

కొమ్మలు కోయుటకును ఒక పద్ధతి కలదు. బడి తెఱచు జూన్ మాసమునకు ముందు శోభకొఱకై చెట్టును మోడుచేయుట పలుచోట్ల వాడుక. ఇది మిక్కిలి తప్పు. ఆకులే చెట్టునకు వంటయిల్లు. వానినన్నిటిని తీసివేసిన అది పస్తుండవలసివచ్చును. ఒక సంవత్సరమున నాలుగవవంతునకు మించి పచ్చని కొమ్మలను తీయరాదు. వానలు వెడలి, క్రొత్త చిగురు రాకమున్ను, మార్గశిర పుష్యమాసములలో నీ పని చేయించుట మేలు. కోయుటకు ముందు పక్షిగూళ్లున్నవేమో చూడవలెను.

పెద్దకొమ్మను ఒక్క వ్రేటున నరికిన, అది విరిగి పడుచు మ్రాని బెరడును చీల్చుకొనిపోవును. అందుచే మ్రానికి మూరెడు దూరమున ముందుగా క్రిందివైపు కొంత కోయవలెను. తరువాత దానికి కొంచె మావల పైనుండి కోసి కొమ్మను దింపవలెను. కడపట మిగిలిన మొద్దును, కొమ్మ మొదట ఉబ్బెత్తుగా కడియమువలె నుండు భాగమును విడిచి, దాని యంచున కోయవలెను. ఆ కడియమే గాయమును మాన్పును. అమెరికా శాస్త్రజ్ఞుడు అలెక్స్ షైగో వేలకొలది చెట్లను కోసి పరిశీలించి యీ సంగతిని నిరూపించెను. తారు, రంగు పూయుటవలన గాయము మానదనియు నాయన చూపెను. తీగెల దగ్గఱి కొమ్మలను మాత్రము విద్యుత్ శాఖవారే తీయవలెను, పిల్లలను చెట్టెక్కింపరాదు.

చెట్టు మొదటివఱకు సిమెంటు పోయించుట మరియొక దురాచారము. వేళ్లకు నీరును గాలియు నందవు. 2013లో జాతీయ హరిత న్యాయస్థానము ఢిల్లీ నగరమున చెట్లచుట్టు ఒక మీటరు మేర సిమెంటును తొలగింపుమని యాజ్ఞాపించెను. మన బడులకును అదియే కొలత కావలెను. మేకులు కొట్టి పలకలు వ్రేలాడదీయుటయు తగదు. తెగులులేని రాలుటాకులను కాల్చక, ఒక మూల గోతిలో నింపి, పేడనీళ్లు చల్లి మట్టి కప్పిన, కొన్ని మాసములకు మంచి యెరువగును. పొగకు పిల్లలు దగ్గుట తప్పును. పూలమొక్కలకు బలము కలుగును.

చెట్టును మొదలంట కొట్టుటకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము ననుసరించి అనుమతి పొందవలెను. ఈ సంగతి తెలిసిన తల్లి యొకతె యున్నను గొడ్డలి యాగును. 2024లో తెలంగాణ ప్రభుత్వము బడుల బాగోగులకై అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల నేర్పఱచి, మహిళాసంఘములవారికిని తల్లులకును అందు చోటిచ్చినది. గోడలకు సున్నము, కుళాయికి నీరు అడుగు నోటితోనే చెట్టు మాటయు నడుగుదము. మన మనుమలును అదే నీడను కూర్చుండునట్లు చేయుట మన చేతిలోని పని యని సోదరీమణులు గ్రహింతురు గాక!