పెరటి సాలీళ్లను గుర్తించుట

ఉదయమున పెరటిలోనికి పోయినపుడు మొగమునకు సాలెగూడు చుట్టుకొనుట మనకందరకు అనుభవమే. దులిపివేయుదుము గాని, దానిని అల్లిన ప్రాణి యేదో కనుగొనవలెనని తలచువారు తక్కువ. ఓపికతో వెదకినచో ఒక చిన్న పెరటిలోనే అయిదారు రకముల సాలీళ్లు కనబడవచ్చును.

సాలెపురుగు అను పేరులో పురుగున్నదే గాని అది కీటకము కాదు. కీటకమునకు ఆరు కాళ్లు, మూడు భాగముల శరీరము. సాలీడునకు ఎనిమిది కాళ్లు, రెండే భాగములు. మీసములు, రెక్కలు లేవు.

రంగును బట్టి గుర్తింపబూనుట విద్యార్థులు తరచుగా చేయు పొరపాటు. ఒకే జాతిలో ఆడదాని రంగు వేరు, మగదాని రంగు వేరు. ముందు వలను చూడవలెను. వల లేనిచో కన్నులను, నడకను చూడవలెను.

పొదల నడుమ బండిచక్రము వంటి వల, దాని మధ్య తెల్లని మెలికల దారముతో కుట్టినట్లు గుణకారపు గుర్తు కనబడినచో అది ఆర్జియోపి. ఆ గుర్తుమీద తలక్రిందుగా, కాళ్లను రెండేసి చేర్చి, తానును గుణకారపు గుర్తువలె కూర్చుండును. పసుపు చారలతో పెద్దదిగా నుండునది ఆడది. మగది మిక్కిలి చిన్నది. వల అంచున నలుసువలె నుండును. ఆ తెల్లని మెలికలు కీటకములను ఆకర్షించుటకని కొందరు శాస్త్రజ్ఞులు, పక్షులు వలను చూచి తప్పుకొనుటకని మరికొందరు చెప్పుదురు. వాదము ఇంకను తీరలేదు.

ఇంటి మూలలలో వ్రేలాడు పొడుగుకాళ్ల సాలీడు ఫోల్కసు కుటుంబములోనిది. తాకినచో వలతో సహా గిరగిర ఊగి, కంటికి ఆననట్లగును.

ఇక వల అల్లనివి. గోడమీద గంతులిడుచు, మనవైపు తిరిగి చూచు దానికి మొగమున మోటారు దీపములవలె రెండు పెద్ద కన్నులుండును. ఈ కుటుంబములోనిదే ఒకటి, మామిడి ఆకులతో గూడుకట్టు ఎర్రచీమల వేషమున తిరుగును. ముందరి కాళ్లను మీసములవలె ఆడించి మనలను మోసగించును. బెదరించినచో మాత్రము దారము పట్టుకొని జారి, గుట్టు బయటపెట్టుకొనును. నేలమీద పరుగెత్తు తోడేలు సాలీడు గుడ్లసంచిని వెనుక అంటించుకొని, పిల్లలను వీపున మోయును. రాత్రి టార్చిలైటును కంటి ప్రక్కనే పట్టి గడ్డిలోనికి చూడుడు. దాని కన్నులు మెరయును.

ఒంటిమీద బొబ్బలు లేచినచో "సాలీడు ప్రాకినది" అనుట మన ఇండ్లలో వాడుక. సాలీడు ప్రాకినంత మాత్రమున బొబ్బలు రావు. వానకాలమున దీపములకు వచ్చు, నలుపు ఎరుపు పట్టీలు గల పీడిరసు అను సన్నని పెంకుపురుగు చర్మముపై నలిగినచో, దాని రసము తగిలిన మేర చారలుగా బొబ్బలు లేచును. దానిని మెల్లగా ఊదివేయవలెనే గాని నలుపరాదు. రసము తగిలినచో వెంటనే సబ్బుతో కడుగవలెను. నడుమునకో రొమ్మునకో ఒక ప్రక్కనే పట్టీవలె, నొప్పితో బొబ్బలు వచ్చినచో అది సర్పి కావచ్చును. సర్పి వైరసు వలన వచ్చు వ్యాధి. మొదటి మూడు దినములలో మందు ప్రారంభించుట మేలు. సాలీడును నిందించుచు పసరులు పూసి ఆ దినములను పోగొట్టుకొనుటే అసలు ప్రమాదము.

మన పెరటి సాలీళ్లలో అత్యధిక భాగము మనుష్యునకు హాని చేయునవి కావు. అయినను ఉత్త చేతితో పట్టరాదు. గాజుగ్లాసు బోర్లించి, క్రిందుగా పోస్టుకార్డు జొనిపినచో చాలును. తరగతిలో చూపిన పిమ్మట దొరికిన చోటనే విడువవలెను.