సేవలో వినయం, సంసిద్ధత: ఐడా స్కడర్ జీవితం

వేలూరు ఆసుపత్రి పేరు మీరు వినే ఉంటారు. మీది చిత్తూరు జిల్లా అయితే మీ ఇంట్లోనో, ఇరుగుపొరుగునో ఎవరో ఒకరు అక్కడికి వైద్యానికి వెళ్ళి వచ్చే ఉంటారు. ఆ ఆసుపత్రిని స్థాపించిన ఐడా స్కడర్‌కు మొదట్లో ఈ దేశంలో ఉండటమే ఇష్టం లేదు!

ఐడా 1870లో రాణిపేటలో పుట్టింది. ఆమె తాత, తండ్రి ఇద్దరూ అమెరికా నుండి వచ్చిన మిషనరీ వైద్యులు. చిన్ననాడు కళ్ళారా చూసిన కరువు ఆమెను భయపెట్టింది. అమెరికాలో చదువుకొని అక్కడే స్థిరపడాలనుకుంది. తల్లికి జబ్బు చేయడంతో కొంతకాలం ఉండి వెళ్దామని తిండివనం వచ్చింది.

ఒక రాత్రి ముగ్గురు మనుషులు ఒకరి తరువాత ఒకరు ఆమె గుమ్మం తొక్కారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, మరొకరు వేరే కులానికి చెందిన హిందువు. ముగ్గురి భార్యలూ ప్రసవ వేదనలో ఉన్నారు. “మా నాన్నగారు డాక్టరు, ఆయనను తీసుకువెళ్ళండి” అంది ఐడా. పరాయి మగవాడు తమ ఇంటి ఆడవారిని చూడటానికి వారు ఒప్పుకోలేదు. ఐడాకు వైద్యం రాదు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. ఆ రాత్రి “నాకు చేతకాదు” అని ఆమె అనడం నిజమే. వినయమంటే ఆ మాట దగ్గరే ఆగిపోవడమని చాలామంది అనుకుంటారు. ఐడా ఆగలేదు. చేతకానిది నేర్చుకోవడానికి అమెరికా వెళ్ళి, 1899లో కార్నెల్ వైద్య కళాశాల నుండి పట్టా పొందింది. సంసిద్ధత అంటే ఇదే. మంచి మనసు ఒక్కటే ఉంటే ఆ ముగ్గురూ బతికేవారు కారు గదా!

క్రైస్తవులు సేవను ‘పరిచర్య’ అంటారు. ఏసు తన శిష్యుల పాదాలు కడిగాడని యోహాను సువార్త చెబుతుంది. ఆ కాలంలో అది ఇంటి పనివారు చేసే పని. గురువు ఆ పని చేయబోతే శిష్యుడైన పేతురు మొదట వద్దన్నాడు. అవసరమైన పని ఎంత చిన్నదైనా తన హోదా చూసుకోకుండా చేయడమే వినయమని క్రైస్తవులు ఈ కథ నుండి గ్రహిస్తారు.

1900లో తిరిగి వచ్చిన ఐడా వేలూరులో ఒక చిన్న గదిలో వైద్యం మొదలుపెట్టింది. 1902లో 40 పడకల ఆసుపత్రి వెలిసింది. రాలేని రోగుల కోసం తానే పల్లెలకు వెళ్ళి దారి పక్కన చెట్ల కింద వైద్యం చేసేది. 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల ప్రారంభించింది.

అసలు పరీక్ష తరువాత వచ్చింది. ప్రభుత్వ నిబంధనలు మారి, పాఠశాలను డిగ్రీ కళాశాలగా పెంచవలసి వచ్చింది. అందుకు కావలసిన సొమ్ము, సిబ్బంది దొరకాలంటే పురుషులను కూడా చేర్చుకోవాలి. స్త్రీల కోసమే కట్టిన సంస్థ అది. పాత స్నేహితులు కొందరు కోపగించుకున్నారు. అయినా ఐడా తన పంతం కన్నా సంస్థ బతకడమే ముఖ్యమనుకుంది. 1947లో పురుషులకు ప్రవేశం లభించింది. ఆమె తప్పుకొన్నాక ఆ కళాశాలకు నాయకత్వం వహించిన తొలి భారతీయురాలు మన విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా లాజరస్. ఐడా 1960లో కొడైకెనాల్‌లో మరణించింది.

మీరే ప్రయత్నించండి
1. ఆ రాత్రి ఐడా తండ్రి వైద్యం ఎందుకు చేయలేకపోయాడు?
2. పురుషుల ప్రవేశానికి ఐడా ఎందుకు ఒప్పుకుంది? మీరైతే ఏం చేసేవారు? ఐదు వాక్యాలలో రాయండి.