షుగరు, మసక చూపు, చేతిలో పుస్తకం

"కళ్లు బాగోలేవు కదా, ఇంకా ఆ పుస్తకం ఎందుకు?" ఇంట్లో పెద్దవాళ్లకి షుగరు ముదిరి కంటి దాకా వచ్చినప్పుడు పిల్లలు అనే మొదటి మాట ఇదే. ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాటలో శాస్త్రం లేదు. చదివితే రెటీనా అరగదు. షుగరు వల్ల కంటి లోపల దెబ్బతినేవి సన్నటి రక్తనాళాలు. ఆ నష్టం ఎంతన్నది రక్తంలో చక్కెర, బీపీ, జబ్బు వచ్చి ఎన్నేళ్లయిందన్న వాటి మీద ఆధారపడుతుంది. నిన్న రాత్రి నవల ఎన్ని పేజీలు చదివారన్నదానితో దానికి సంబంధం లేదు. తక్కువ వెలుతురులో చదివితే కళ్లు లాగుతాయి, తల నొస్తుంది, నిద్రపోయి లేస్తే తగ్గిపోతుంది. కంట్లో రక్తం చిమ్మినప్పుడో, ఆపరేషన్ అయిన కొత్తల్లోనో డాక్టరు కొన్నాళ్లు వద్దంటే అది వేరే సంగతి.

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. రోజూ నాలుగు పేజీలు చదవనిదే పొద్దు పోనివాళ్లు వాళ్లలో ఎంతోమంది ఉంటారు. అలాంటివాళ్ల చేతిలోంచి పుస్తకం తీసేస్తే జబ్బు తగ్గదు, రోజు మాత్రం చాలా పెద్దదైపోతుంది. చూపు తగ్గినంత మాత్రాన చదువు ఆగిపోనక్కర్లేదు. కంటికీ అక్షరానికీ మధ్య మనం మార్చుకోగలిగినవి చాలా ఉన్నాయి.

ముందు షుగరు ఉన్నవాళ్లని బాగా తికమకపెట్టే ఒక సంగతి చూద్దాం. పోయిన వారం ఇదే కళ్లజోడుతో స్పష్టంగా కనిపించిన అక్షరాలు ఈ వారం అలుక్కుపోయినట్టు ఉంటాయి. ఇది భ్రమ కాదు. రక్తంలో గ్లూకోజు పెరిగితే కంటి కటకంలోకి కూడా ఎక్కువ గ్లూకోజు చేరుతుంది. అక్కడ ఆల్డోజ్ రిడక్టేజ్ అనే ఎంజైము దాన్ని సార్బిటాల్‌గా మారుస్తుంది. సార్బిటాల్ కణాల్లోంచి తేలిగ్గా బయటికి పోలేదు, పైగా నీటిని లోపలికి లాగుతుంది. దాంతో కటకం నానబెట్టిన శనగగింజలా కాస్త ఉబ్బుతుంది. దాని వంపు మారుతుంది, కాంతిని వంచే శక్తీ మారుతుంది. షుగరు బాగా ఎక్కినప్పుడు చాలామందిలో చూపు హ్రస్వదృష్టి వైపు జరుగుతుంది. మందులతో చక్కెర త్వరగా దిగినప్పుడు దూరదృష్టి వైపు జరుగుతుంది, అంటే దగ్గరి అక్షరాలు మసకబారతాయి.

ఈ రెండోది చాలామందిని హడలగొడుతుంది. ఇన్సులిన్ మొదలుపెట్టిన రెండో వారంలో పేపరు కనిపించకపోతే, మందు పడలేదేమో, కళ్లు తినేస్తోందేమో అనుకుని సూదులు మానేసేవాళ్లున్నారు. మానకూడదు. కటకంలో చేరిన నీరు సర్దుకోవడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది, ఆ తర్వాత చూపు తిరిగొస్తుంది. అందుకే షుగరు నిలకడకి రాకముందు ఖరీదైన కొత్త అద్దాలు చేయించుకోవద్దని కంటి డాక్టర్లు చెబుతారు. అప్పటిదాకా షాపులో దొరికే రెడీమేడ్ అద్దాలతోనో, ఫోనులో అక్షరాలు పెద్దవి చేసుకునో చదువు గడపొచ్చు.

రెటీనా సంగతి ఇంత తేలిక కాదు. చదవడానికి మనం వాడేది రెటీనా మొత్తాన్ని కాదు, నట్టనడుమ మాక్యులాలో ఉండే అతి చిన్న గుంటని. ఆ గుంటలో బాగా పదునైన భాగం చూడగలిగేది రెండు డిగ్రీల మేర. పుస్తకం 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆ రెండు డిగ్రీలు కాగితం మీద సెంటీమీటరున్నర కూడా ఉండవు. మహా అయితే ఒక మాట పడుతుంది. అందుకే కన్ను వరస పొడవునా జారిపోదు. ఒకచోట దాదాపు పావు సెకను ఆగుతుంది, తర్వాత గెంతుతుంది, మళ్లీ ఆగుతుంది. షుగరు వల్ల రక్తనాళాలు కారి మాక్యులాలో నీరు చేరితే వరసలు వంకరపోతాయి, మాట మధ్యలో అక్షరం మాయమవుతుంది. కంట్లోకి ఇచ్చే యాంటీ-వీఈజీఎఫ్ ఇంజెక్షన్లు ఆ కారడాన్ని తగ్గిస్తాయి. అయితే ఒక ఇంజెక్షన్‌కీ ఇంకోదానికీ మధ్య చూపు హెచ్చుతగ్గులు అవుతుంటుంది. దాన్ని బట్టి బాగున్న వారాల్లో పెద్ద పుస్తకం, మిగతా వారాల్లో చిన్న కథలు అని పంచుకున్నవాళ్లు హాయిగా చదువుకుంటారు.

ఆస్పత్రిలో గోడ మీది చార్టు బాగానే చదివి, ఇంటికొచ్చి పేపరు చదవలేకపోయేవాళ్లు ఇంట్లోవాళ్ల అనుమానాన్ని కూడా భరించాల్సి వస్తుంది. చార్టులో అక్షరాలు తెల్లటి పలక మీద నల్లగా, దేనికది దూరంగా ఉంటాయి. పేపర్లో మసక కాగితం మీద బూడిద రంగు సిరా, కిక్కిరిసిన వరసలు. జబ్బుపడ్డ రెటీనా చాలాసార్లు ముందుగా పోగొట్టుకునేది ముదురు, లేత ఛాయల మధ్య తేడాను, అంటే కాంట్రాస్టును పట్టే శక్తిని. దాన్ని ఆ చార్టు కొలవదు.

అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త గోర్డన్ లెగ్ చిన్నతనం నుంచే చూపు తక్కువ ఉన్న మనిషి. చూపు తగ్గినవాళ్లు ఎలా చదువుతారన్నదాని మీదే ఆయన దశాబ్దాలుగా పని చేశారు. ఆ పనిలో తేలిందేమిటంటే, అక్షరం ఒక పరిమాణం కంటే పెద్దగా ఉన్నంతసేపు చదివే వేగం మారదు, ఆ పరిమాణం దాటి చిన్నదైతే వేగం ఒక్కసారిగా పడిపోతుంది. అంటే "ఈ అక్షరం కనిపిస్తోందా?" అన్న ప్రశ్న చాలదు, ఎంత తీరుబడిగా కనిపిస్తోందన్నది తేలాలి. మీరు కళ్లు చికిలించి గుర్తుపట్టగల అతి చిన్న అక్షరానికి కనీసం రెట్టింపు పరిమాణంలో ఉంటేనే చదువు సాఫీగా నడుస్తుంది. కనిపిస్తోంది కదా అని అంచు మీద చదివేవాళ్లు పది నిమిషాల్లో అలిసిపోయి, తమకి ఆసక్తి పోయిందనుకుంటారు. ఆసక్తి ఎక్కడికీ పోలేదు, అక్షరం చాలలేదు.

తెలుగు అక్షరం విషయంలో ఇది ఇంకా గట్టిగా వర్తిస్తుంది. మన లిపిలో ఒక్క అక్షరానికి మూడు అంతస్తులు: పైన గుడో ఏత్వమో, మధ్యలో అక్షరం, కింద ఒత్తు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం అచ్చులో ఎంత చోటు అడుగుతుందో చూడండి. ఆ మూడింటికీ చోటు ఇవ్వాలి కాబట్టి, అదే సైజు ఇంగ్లీషు అక్షరంతో పోలిస్తే మన అక్షరంలోని గీతలు చిన్నవైపోతాయి. పైగా అర్థమంతా ఆ చిన్న గీతల్లోనే ఉంటుంది. ద కింద గీత పడితే ధ. తలకట్టు అతికి ఉంటే వంట, విడిపోతే పంట. గుడి చివర చిన్న మెలిక ఉంటే వీడు, లేకపోతే విడు. ఇంగ్లీషు పేపరు చదవగలిగి తెలుగు పేపరు దగ్గర ఆగిపోయేవాళ్లు కంగారు పడనక్కర్లేదు. లోపం వాళ్ల దగ్గర లేదు, తెలుగుకి పెద్ద అక్షరం కావాలి, అంతే.

వరసల మధ్య జాగా కూడా అంతే ముఖ్యం. పై వరస ఒత్తులూ కింది వరస గుడులూ రాసుకుంటుంటే, మాక్యులా బాగోలేని కంటికి అవి కలిసిపోయి ఒక మరకలా కనిపిస్తాయి. ఫోనులోనో ట్యాబులోనో చదివేటప్పుడు అక్షరం సైజుతో పాటు వరసల ఎడం కూడా పెంచి చూడండి. కాగితం పుస్తకానికైతే నల్ల చార్టు ముక్క తీసుకుని ఒక వరస పట్టేంత సన్నటి కిటికీ కత్తిరించి పేజీ మీద పెట్టుకోండి. చుట్టూ ఉన్న తెల్ల కాగితం మెరుపు పోతుంది, పక్క వరసలు అడ్డురావు, తర్వాతి వరస మొదలు ఎక్కడో వెతుక్కోవాల్సిన పని ఉండదు. గ్లాకోమా వల్ల పక్కచూపు తగ్గినవాళ్లకి ఇది మరీ పనికొస్తుంది.

దీపం దగ్గర మనం చేసే పొరపాటు ఎక్కువ వాట్ల బల్బు కొనడం. అరవై ఏళ్ల కంటిలో కంటిపాప చిన్నదవుతుంది, కటకం పసుపెక్కుతుంది. ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే రెటీనాకి చేరే వెలుతురు దాదాపు మూడో వంతే. గది మధ్యలో ఎంత పెద్ద లైటున్నా పేజీ మీద పడేది కొంచెమే. ఒక చిన్న దీపాన్ని పేజీకి ఉన్న దూరంలో సగానికి జరిపితే పేజీ మీద వెలుతురు నాలుగు రెట్లవుతుంది. వంచుకోగలిగే టేబుల్ లైటు ఒకటి కొనుక్కుని, కళ్లలో పడకుండా పక్కనుంచి పేజీకి దగ్గరగా పెట్టుకోండి. రెటీనాకి లేజరు చికిత్స చేయించుకున్నవాళ్లకి మసక వెలుతురులో చూపు ఇంకా తగ్గుతుంది కాబట్టి వాళ్లకి ఇది తప్పనిసరి. భూతద్దం వాడేవాళ్లు దాన్ని పేజీ దగ్గర పెట్టి, తల మాత్రం దూరంగా ఉంచుతారు. కానీ కన్ను అద్దానికి ఎంత దగ్గరైతే అంత ఎక్కువ మాటలు ఒకేసారి కనిపిస్తాయి.

కన్ను ఒక్కటే అయితే ఇక్కడితో సరిపోయేది. దీర్ఘకాలపు జబ్బు మనిషి మొత్తాన్ని అలిసిపోయేలా చేస్తుంది. డయాలిసిస్ చేయించుకునే షుగరు పేషెంటు సంగతి తీసుకోండి. వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు మంచం మీద. డయాలిసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా ఉన్న చెయ్యి కదపకూడదు. రెండో చేత్తో లావు పుస్తకం పట్టుకోవడం, పేజీ తిప్పడం రెండూ కావు. చివరి గంటల్లో బీపీ పడిపోయి కళ్లు మసకబారవచ్చు. ఆ నాలుగు గంటలూ గోడ గడియారం చూస్తూ గడపడం కంటే పెద్ద శిక్ష లేదు. మొదటి సగంలో చేతిలో ఇమిడే ఫోనులోనో, విడివిడి కాగితాల మీదో ఒక కథ, తర్వాత చెవిలో ఇంకో కథ పెట్టుకోవచ్చు. కళ్లు తిరిగితే మాత్రం ఓర్చుకోకుండా టెక్నీషియన్‌ని పిలవాలి. అలాగే చదువుతూ చదువుతూ చదివిన వరసే మళ్లీ చదువుతున్నారా? చెమటలు, వణుకు కూడా ఉన్నాయా? పుస్తకం పక్కన పెట్టి గ్లూకోమీటరు తీయండి. షుగరు పడిపోయినప్పుడు ఏకాగ్రత కూడా దెబ్బతింటుంది. ఉన్నట్టుండి కంటి ముందు నల్ల చుక్కలు, మెరుపులు, తెర దించినట్టు చీకటి కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

ఓపిక లేని రోజుల్లో కొత్త పుస్తకం కంటే పాత పుస్తకం మంచిది. తర్వాత ఏ మాట వస్తుందో మెదడు ముందే ఊహిస్తే కన్ను ఆ మాట మీద తక్కువసేపు ఆగుతుంది, ఒక్కోసారి ఆగకుండానే దాటేస్తుంది. ఇరవయ్యేళ్ల కిందట ఇష్టపడ్డ నవల, నోటికొచ్చిన శతక పద్యాలు బలహీనమైన కంటికి కూడా అందుతాయి. సగం పని జ్ఞాపకమే చేసిపెడుతుంది. చదివిందే చదువుతున్నారేమిటని ఎవరైనా అడిగితే, కంటికి ఇదే సుఖమని చెప్పండి.

చూపు పూర్తిగా పోయినా అక్షరాన్ని వదలనివాళ్లున్నారు. కన్ను గెంతుతూ చదువుతుందని 1870ల చివర్లో లోకానికి చెప్పినవాళ్లలో ఒకరు పారిస్ కంటి వైద్యుడు ఎమిల్ జవాల్. అదే జవాల్‌ని గ్లాకోమా పట్టుకుంది. 1900 నాటికి చూపు పూర్తిగా పోయింది. ఆయన రాయడం ఆపలేదు. కొత్తగా చూపు పోయినవాళ్లు బతుకు ఎలా నడుపుకోవాలో చెబుతూ 1903లో ఒక పుస్తకం తెచ్చారు. చదవడం, రాయడం అనే పనుల వెనక ఉన్న శరీరశాస్త్రం మీద తన జీవితకాలపు పరిశోధనని 1905లో పుస్తకంగా వేశారు. కంటి చదువు గురించిన ఆ తొలి పెద్ద గ్రంథాన్ని ఒక్క అక్షరం కూడా కంటితో చూడలేని మనిషి పూర్తి చేశారు. 1907లో ఆయన చనిపోయారు.

కన్ను సహకరించనప్పుడు పుస్తకాన్ని వినొచ్చు. కానీ వినడం కూడా చదవడమేనా అని చాలామంది సందేహిస్తారు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జాక్ గాలంట్ బృందం 2019లో దీనికి మంచి ఆధారం చూపించింది. ఒకే కథల్ని కొందరికి ఒకసారి వినిపించి, ఒకసారి చదివించి, మెదడులో ఏ మాట అర్థానికి ఎక్కడ చలనం వస్తుందో ఎఫ్ఎంఆర్ఐతో పటం గీశారు. చదివినప్పటి పటం, విన్నప్పటి పటం దాదాపు ఒకేలా ఉన్నాయి. లోపలికి వచ్చిన దారి ఏదైనా కథ చేరే చోటు ఒకటే. కాబట్టి మనవరాలు చదివి వినిపించినా, ఫోను చదివి వినిపించినా మీరు ఆ పుస్తకం చదివినట్టే.

ఫోనులో తెలుగు గొంతు ఇప్పుడు ఉచితంగా దొరుకుతుంది. కంప్యూటరు తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ కూడా ఉచితమే. చిక్కల్లా పుస్తకాల దగ్గర ఉంది. డీటీపీలో ఇప్పటికీ వాడే పాత ఫాంట్లతో తయారైన పీడీఎఫ్ కంటికి తెలుగులా కనిపిస్తుంది, యంత్రానికి మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల కుప్ప. స్కాన్ చేసిన పాత పుస్తకమైతే ఉత్త ఫొటో. యూనికోడ్‌లో ఉన్న పుస్తకం ఒక్కటే ఎంత కావాలంటే అంత పెద్దదవుతుంది, మాట్లాడుతుంది కూడా. చట్టం ఇందుకు అడ్డు రాదు. 2012 కాపీరైట్ సవరణ వైకల్యం ఉన్నవాళ్ల కోసం పుస్తకాన్ని వాళ్లకి అందే రూపంలోకి మార్చడానికి అనుమతిచ్చింది. చూపు లేనివాళ్లకి అలాంటి పుస్తకాలు అందించడానికి 2013లో కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని 2014 జూన్‌లో ధ్రువీకరించిన మొట్టమొదటి దేశం భారత్. డైసీ ఫోరం ఆఫ్ ఇండియా తదితరులు కలిసి 2016లో తెచ్చిన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో అలాంటి పుస్తకాలు దొరుకుతాయి. తెలుగు ప్రచురణకర్తలు పుస్తకం అచ్చుకి పంపేరోజే ఒక యూనికోడ్ ప్రతి కూడా తీసి ఉంచితే, ఆ గ్రంథాలయంలో మన భాష అరలు నిండుతాయి. వాళ్లని అడగాల్సింది పాఠకులే.

అద్దాలు, మందులు, ఇంజెక్షన్లు అన్నీ అయ్యాక కూడా చదవలేకపోతుంటే "ఇంక చేసేదేమీ లేదు" అన్న మాట దగ్గర ఆగకండి. లో-విజన్ క్లినిక్‌కి పంపమని మీ డాక్టర్ని అడగండి. హైదరాబాద్‌లో ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో చూపు తగ్గినవాళ్ల పునరావాసానికే ప్రత్యేక విభాగం ఉంది. మాక్యులా నడుమ పాడైనవాళ్లకి కాస్త పక్కకి చూస్తూ, రెటీనాలో బాగున్న చోటుతో చదవడం అలాంటి క్లినిక్కుల్లో సాధన చేయిస్తారు. వెళ్లేటప్పుడు రిపోర్టులతో పాటు మీరు చదవాలనుకుంటున్న పుస్తకాన్ని కూడా సంచిలో పెట్టుకోండి. వాళ్లిచ్చే ప్రతి అద్దాన్నీ ఆ పుస్తకం మీదే, మీరు ఇంట్లో కూర్చునే తీరులోనే కూర్చుని, కనీసం ఒక పేజీ చదివి చూశాక తీసుకోండి.