పెద్దపండుగ కూరలు

సంక్రాంతి విందు అనగనే అరిసెలను, బొబ్బట్లను, పులిహోరను పేర్కొనుట లోకమున వాడుక. వాని ప్రక్కన వడ్డించు కూరలను గూర్చి పలుకువారు తక్కువ. అరిసెల పాకమునకు నేర్పు కావలెనన్నది నిజమే. అయినను బెల్లమును, బియ్యమును ఏ మాసమునందైనను దొరకును. కూరకు నేర్పుతోపాటు ఋతువు కూడ కలిసి రావలెను. తొలకరిలో నాటిన పాదులు పుష్యమాసమునకు ఇంటికప్పుల మీదికి ప్రాకి, గుమ్మడులు పండి, చిక్కుళ్లు గుత్తులు గుత్తులుగా వ్రేలాడు కాలముననే పెద్దపండుగ వచ్చుచున్నది.

ఈ ఋతుధర్మమును మన కవులలో శ్రీకృష్ణదేవరాయలు (పాలన 1509–1529) ఎరిగినంతగా ఎరిగినవారు అరుదు. ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసమున విష్ణుచిత్తుని అతిథిసత్కారమును ఆయన కాలభేదముతో వర్ణించెను. వానకాలపు భోజనము వేరు, వేసవి భోజనము వేరు. చలికాలమున క్రొత్తబియ్యపు అన్నము పరిమళించును. మిరియపు పొడి పట్టించిన కూరలు పొయ్యిదిగిన సవ్వడి ఆగకమునుపే విస్తరికి వచ్చును. ఆవపచ్చళ్ల ఘాటు ముక్కునకు ఎక్కును. విద్యార్థులు ఈ పద్యమును పరీక్షకొరకు కంఠస్థము చేయుదురు. ఆవ ఘాటు ముక్కునకు ఎక్కుట యెట్టిదో తెలియని బాలునకు మాత్రము ప్రతిపదార్థము ఎంత చెప్పినను పద్యము సగమే తెలియును.

రాయల చలికాలపు విందులో కారము మిరియముది, మిరపకాయ లేదు. మిరప అమెరికా ఖండపు పంట. పోర్చుగీసువారి ఓడలతో ఈ దేశమునకు వచ్చి ఇంటింట వ్యాపించుటకు కాలము పట్టినది. నేడు పండుగకు తప్పనిసరియైన తీపిగుమ్మడియు, చిలగడదుంపయు ఆ ఖండమునుండి వచ్చినవే. వంకాయ, కంద, బూడిదగుమ్మడి మాత్రము మన నేలకు చిరపరిచితములు. ‘అనాదిగా వచ్చుచున్న పండుగ వంట’ అని సభలలో పలుకువారు ఈ సంగతిని ఒక్కింత తలపోయుట మంచిది. మిరియమునకు బదులు మిరప వచ్చినను ఆవ మాత్రము నిలిచినది. కోస్తా జిల్లాలలో పండుగనాడు గుమ్మడికాయకును, శుభకార్యములలో కంద-బచ్చలికిని, పనసపొట్టునకును ఆవ పెట్టుట నేటికిని కలదు.

ఆవపెట్టుట చూచుటకు సులభము, చేయుటకు సూక్ష్మము. గుమ్మడిముక్కలను పసుపు, ఉప్పు, కొంచెము చింతపండు పులుసు, బెల్లము వేసి ఉడికింతురు. శనగపప్పు, మినపపప్పు, ఎండుమిరప, ఇంగువ, కరివేపాకులతో పోపు పెట్టుదురు. కూర దింపి, పొగలు తగ్గిన తరువాతనే నూరిన ఆవముద్ద కలుపుదురు. దీనికి కారణము గలదు. ఆవగింజ చెక్కుచెదరకున్నంతవరకు దానికి ఘాటు లేదు. గింజ నలిగి తడి తగిలినపుడు లోపలి రెండు పదార్థములు కలిసి ఘాటు పుట్టును. ఆ కలయికను నడపు ద్రవ్యము వేడికి చెడిపోవును. పుట్టిన ఘాటును వేడికి ఆవిరియై పోవును. మరుగుచున్న కూరలో ఆవ వేసిన ఇల్లాలికి చేదు తప్ప మరేమియు మిగులదు. కందకు మరియొక జాగ్రత్త కావలెను. అందు సూదులవంటి స్ఫటికములుండి చేతిని, గొంతును గీరును. అందుచే చేతికి నూనె రాచుకొని తరిగి, చింతపండు వేసి మెత్తగా ఉడికింతురు.

చిక్కుడు సంగతి ఇంకను చిత్రము. నాటుచిక్కుడు పాదు ఎంత ఏపుగా పెరిగినను పగలు పొడవుగా ఉన్నంతకాలము పూయదు. పగటి నిడివి తగ్గినపుడే పూత పట్టును. రథసప్తమినాడు చిక్కుడుకాయలతో సూర్యునకు రథము కట్టి, చిక్కుడాకులలో పరమాన్నము నివేదించు ఆచారము ఈ పాదును సూర్యగమనముతో ముడివేసినది. బెంగుళూరులోని భారతీయ ఉద్యానవన పరిశోధన సంస్థవారు పగటి నిడివితో పనిలేక కాయు అర్కజయ, అర్కవిజయ రకములను రూపొందించిరి. రైతునకు ఇది మేలే. దీనిని నిందించుట తగదు. కాని వైశాఖమునందును చిక్కుడుకాయ దొరకునపుడు, పుష్యమాసపు లేతకాయను ఈనెలు తీసి, వంకాయతో కలిపి వండి, దించుటకు ముందు నువ్వులపొడి చల్లుటలోని ఆత్రుత కొంత సన్నగిల్లుచున్నది. విందులను వంటబృందములకు అప్పగించు ఇండ్లలో ఆవపెట్టిన కూరకు మారుగా ఏడాది పొడవున చేయు వేపుడే వచ్చుచున్నది. అమ్మ చేతినుండి కూతురు చేతికి రావలసిన కొలతలు అట్లు ఒక్క తరములో తెగిపోవచ్చును. ఆవ ఎంతసేపు నూరవలెనో ఏ నిఘంటువు చెప్పగలదు?

మాటలకును ఇదే గతి. గోదావరి తీరమున ‘ఆనపకాయ’ తెమ్మన్నచో సొరకాయ తెత్తురు. తెలంగాణమునను, చిత్తూరు ప్రాంతమునను ‘అనపకాయ’ అనగా చిక్కుడుజాతి కాయ. ఆ చిత్తూరు సీమలోనే చలికాలపు అనపగింజలను నానబెట్టి, ఒక్కొక్కటి వ్రేళ్ల నడుమ పితికి తోలు తీసి వండుదురు. దానికి పితికిపప్పు అని పేరు. చేయు పనియే వంటకమునకు పేరైనది. సమాసములు నేర్పు ఉపాధ్యాయులు తరగతిలో ఈ పేరును కూడ ఒకమారు విద్యార్థులముందు ఉంచవచ్చును. రాయలసీమలో నువ్వులద్దిన సజ్జరొట్టె కూరల రుచిని మరింత పెంచును.

వీటన్నిటిని ఒక్కచోట చేర్చునది దప్పళము. గుమ్మడి, సొర, వంకాయ, ములగకాడ, చిలగడదుంప ముక్కలు చింతపండు పులుసులో ఉడుకును. బెల్లము కొంచెముగా పడును. చిక్కదనమునకు బియ్యపుపిండియో, శనగపిండియో కలియును. దుంపలు ముందు, గుమ్మడి చివర వేయవలెను. ఈ వరుస తప్పినచో గుమ్మడి కరగి పులుసులో కలియును, దుంప పలుకుగానే మిగులును. మరునాటికి ముక్కలు పులుసును పీల్చుకొని మరింత రుచికెక్కును. కనుమునాడు మినుము తినవలెనను నానుడిని పాటించు ఇండ్లలో, ముందునాడు మిగిలిన దప్పళమును వేడిచేసి, వేడి గారెలను అందులో ముంచి తిందురు.